అల వస్తుంది, నీరు రాదు

ప్రశ్న: చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డుదాకా వస్తాయి. నీటిపై తేలే బెండు ముక్క మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. నీరు రాకుండా శక్తి ఒక్కటే ఎలా వస్తోంది?

జవాబు: కదిలిన నీరు పక్కనున్న నీటిని నెడుతుంది. అలా నెట్టడమంటే పని చేయడమే కాబట్టి శక్తి పక్కకు చేరిపోతుంది, నెట్టిన నీరు తిరిగి దాదాపు మొదటి చోటికే వస్తుంది. ‘దాదాపు’ అని ఊరికే అనలేదు. లోతైన నీటిలో కణాలు గుండ్రంగా తిరుగుతూ, ఒక్కో చుట్టుకు కాస్తంత ముందుకు జరుగుతాయి. బెండును గంటసేపు గమనిస్తే ఈ జరుగుడు తెలుస్తుంది, కాకపోతే గాలి తోసిందేమో చూసుకోవాలి.

లోతుకు పోయేకొద్దీ ఈ చుట్లు చిన్నవవుతాయి. తరంగదైర్ఘ్యంలో, అంటే పక్కపక్క శిఖరాల మధ్య దూరంలో, సగం లోతున పైనున్న కదలికలో సుమారు 4 శాతమే మిగులుతుంది. రెండు శిఖరాల మధ్య 100 మీటర్లున్న సముద్రపు అల 50 మీటర్ల కింద ఈదే చేపకు పట్టదు. అల ఎత్తు రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. తుపాను అలలు అంత విధ్వంసం చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ప్రశ్న: తిర్యక్, అనుదైర్ఘ్య తరంగాల తేడా పిల్లలకు ఎలా చూపాలి? స్ప్రింగును గబగబా ఊపితే అల కూడా వేగంగా పోతుందా?

జవాబు: పొడవాటి మెత్తని స్ప్రింగును నున్నటి నేలపై రెండు మూడు మీటర్లు సాగదీసి, రెండో కొసను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో ఒక చుట్టుకు రంగు దారం కట్టండి. మీ చేతిని పక్కకు ఒక్కసారి విదిలిస్తే దారం అడ్డంగా కదిలి ఆగుతుంది, ఇది తిర్యక్ తరంగం. కొన్ని చుట్లను దగ్గరకు నొక్కి వదిలితే దారం స్ప్రింగు పొడవునా ముందుకు వెనక్కు కదులుతుంది, ఇది అనుదైర్ఘ్యం. గాలిలో శబ్దం సాగేదీ ఇలాగే. రెండింటిలోనూ దారం మాత్రం అవతలి కొసకు పోదు. పిల్లలు చూడాల్సింది అదే.

చాప మీద చేయకండి. రాపిడి శక్తిని తినేసి అల సగంలోనే చచ్చిపోతుంది.

ఇక గబగబా ఊపినంత మాత్రాన అల వేగం పెరగదు. శిఖరాలు దగ్గరవుతాయి, అంతే. వేగమంటే పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్ని ఊపులో ఆ సంఖ్యను, తరంగదైర్ఘ్యంతో గుణిస్తే వచ్చేది. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. వేగం పెరగాలంటే స్ప్రింగును ఇంకాస్త బిగువుగా లాగాలి, మరీ లాగితే అది సాగిపోయి మళ్లీ పనికిరాదు. శబ్దానిదీ ఇదే తీరు. 20 డిగ్రీల సెల్సియస్ గాలిలో కీచుగొంతైనా బొంగురుగొంతైనా సెకనుకు సుమారు 343 మీటర్లే.

ప్రశ్న: శబ్దం శూన్యంలో సాగదు, మరి కాంతి?

జవాబు: శబ్దానికి నెట్టుకునే కణాలు కావాలి. కాంతిలో ఊగేవి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. వాటికి పదార్థంతో పనిలేదు. ఆ ఊగడం ప్రయాణదిశకు అడ్డంగా ఉంటుంది కాబట్టే ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే పోలరాయిడ్ అద్దాలు రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పితే కాంతి దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. గాలిలోని శబ్దాన్ని ఇలా ఆపలేం.