పాత ఫియట్ పట్టీకి తుప్పు: జబ్బు పట్టీది కాదు

రాయగడ నుంచి ఒకరు అడిగారు: తాతగారి 1969 నాటి ఫియట్ 1100 బంపర్లకూ, తలుపుల మీది మెరుపు పట్టీలకూ తుప్పు వచ్చింది, ఉన్నవాటికే నికెల్ పూత వేయించాలా, కొత్తవి కొనాలా అని. వచ్చిన జవాబుల్లో సగం నిమ్మకాయ రుద్దమంటున్నాయి. నిమ్మకాయలు పచ్చడికి దాచుకోండి.

మీరు పెట్టిన ఫొటోలో పట్టీ కింది అంచు నుంచి ఎర్రటి చార కారుతోంది. ఆ తుప్పు పట్టీది కానే కాదు. అల్యూమినియం పట్టీ అయితే తెల్లగా పొడి రాలుతుంది తప్ప ఎర్రబడదు. స్టెయిన్‌లెస్ అయితే అంత సులువుగా తుప్పుకు లొంగదు. ఆ కారుతున్నది వెనకున్న ఇనుప క్లిప్పు, ఆ క్లిప్పు దూరిన రేకు. పట్టీ నిలబడాలని తలుపు రేకుకు చిల్లులు పెడతారు కదా, ఆ చిల్లుల అంచుల్లో రంగు సరిగా నిలవదు. వాననీరు పట్టీ వెనక చేరితే ఎండ తగలదు, గాలి ఆడదు. ఇక అక్కడే కాపురం.

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలి మాకు కొత్త కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా చిన్నాన్నగారి ఫియట్ మీది షెడ్డు రేకులు ఎగిరిపోయి, బండి తెల్లవార్లూ ఆ వానలో నానింది. మర్నాడు కడిగి తుడిస్తే పెళ్లికొడుకులా ఉంది. కొంతకాలానికి మీ బండికి వచ్చినట్టే చారలు మొదలయ్యాయి. ఒక షాపువారు పట్టీ విప్పకుండానే దాని చుట్టూ లప్పం పెట్టి, రంగు కొట్టి, గట్టిగానే డబ్బు తీసుకున్నారు. మళ్లీ వానలు పడేసరికి రంగు బుడగలు లేచింది. లప్పం తేమను పీల్చుకుంటుందని ఆ షాపులో ఎవరికీ తెలియదా? తెలుసు. విప్పితే పని పెరుగుతుంది, అంతే.

చివరికి బండ్ల రేకు పని, సొట్టలు తీసే పని చేసే ఒక పెద్ద టింకరింగ్ మేస్త్రి దొరికాడు. సగం మాట తెలుగులో, సగం ఒడియాలో చెప్పే మనిషి. స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. వెదురు బద్దను సన్నగా చెక్కి, గుడ్డ చుట్టి, ముందురోజే కిరోసిన్ తాగించి ఉంచిన పట్టీని ఒక చివర నుంచి మెల్లగా లేపాడు. క్లిప్పులు క్లిప్పుల్లా రాలేదు, పొడిగా రాలాయి. తర్వాత చిన్న సుత్తితో తలుపంతా తట్టుకుంటూ వెళ్లాడు. కొంతమేర ఖంగుమంది, పట్టీ ఉన్న వరస దగ్గరకు వచ్చేసరికి మొద్దుబారింది. అక్కడ దబ్బనం ఆనించాడు. అది పిడిదాకా దిగిపోయింది.

చిన్నాన్నగారు ఉలిక్కిపడి, “నెమ్మది మేస్త్రీ, అది నా పెళ్లినాటి బండి!” అన్నారు.

“చిల్లు నేను పెట్టలేదు బాబుగారూ, ముందే ఉంది. లప్పం దాచింది, నేను చూపించాను,” అన్నాడాయన.

తలుపు లోపలి అట్ట తీసి చూస్తే అడుగున నీరు పోవలసిన రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. మీరు చేయవలసిన మొదటి పని అదే. ఒక పుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయండి, పైసా ఖర్చు లేదు. తర్వాత కుళ్లిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. చుట్టూ మిగిలిన తుప్పును వైరు బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావకం పూసి, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగుకు ముందు తేమ ఆపే తొలి పూత, వేయించాలి. లోపలి వైపు ఎవరికి కనబడుతుంది అంటారు, ఒప్పుకోకండి. లప్పం గీతలు పూడ్చడానికి, చిల్లులు పూడ్చడానికి కాదు. కొత్త క్లిప్పులు బిగించేటప్పుడు ప్రతి చిల్లులోనూ నీరు చొరకుండా మూసే సీలెంట్ పెట్టించండి.

కొత్త పట్టీలు కొనవద్దనే అంటాను. నేను చూసినవన్నీ పలచటి రేకులు, తలుపు వంపుకు ఆనవు, ఆ సందులో మళ్లీ నీళ్లే. అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదని కొట్టువాడు చెబితే అదీ నమ్మకండి. కార్ల పట్టీలకు వాడే స్టెయిన్‌లెస్‌లో అయస్కాంతానికి అంటుకునే రకమూ ఉంది. పైగా మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, కానీ బాడీ అసలు రూపంలో ఉండాలి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అంత కట్టాక రోజూ తిప్పకూడదు, అద్దెకు ఇవ్వకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకువెళ్లాలట! ఇంట్లో ఎవరి పెళ్లికైనా బండికి పూలు కట్టి ఊరేగించాలన్నా వంద ఆలోచనలు.

ఇక బంపర్లు. అవి ఉక్కు, పైన నికెల్, ఆ పైన అతి పలచని క్రోమియం. మెరుపు క్రోమియానిదైనా కాపలా నికెల్‌దే. పైపై మచ్చలైతే అల్యూమినియం రేకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి. అది క్రోమియం కన్నా మెత్తన, గీతలు పడవు. గుంటలు మాత్రం గుంటలుగానే ఉంటాయి. పూత పొరలుగా లేచిపోతే మళ్లీ వేయించక తప్పదు. పాత పూత దించి, సొట్టలు తీసి, నున్నగా సాన పట్టి, రాగి, నికెల్, క్రోమియం వరుసగా వేయాలి. సాయంత్రానికే ఇచ్చేస్తామనేవారు నికెల్ దగ్గరే పొదుపు చేస్తారు. ఇంట్లో ప్రయత్నించకండి, ఆ క్రోమియం ద్రావణం, దాని ఆవిరి క్యాన్సర్ తెచ్చే విషం.

పూతకు పంపేముందు బంపరు లోపలి వైపు పంచ్‌తో గట్టిగా ఒక గుర్తు కొట్టించండి. రంగుతో పేరు రాస్తే తొట్టిలో కరిగిపోతుంది, తిరిగి వచ్చింది మీదో, ఇంకెవరి ఫియట్‌దో తేల్చుకోలేరు.