మిర్చి కంటైనర్ పంపేవాళ్లు ఓడ సిబ్బందికి ఏం చేయగలరు?

జూన్ 25న నావికుల దినోత్సవం పోస్టులు పెట్టడం కాకుండా, గుంటూరులో ఉండి మిర్చి ఎగుమతి చేసేవాళ్లు వాళ్లకి ఏం చేయగలరని అడిగారు. చాలానే చేయొచ్చు, అదీ కంటైనర్ తలుపులు మూసేలోపే.

ముందు బరువు. 2016 జూలై 1 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన ప్రకారం వీజీఎం, అంటే ధ్రువీకరించిన మొత్తం బరువు ఇవ్వని కంటైనర్ని ఓడ ఎక్కించకూడదు. లోడైన బండిని కాటా వేయించి లారీ బరువు తీసేయొచ్చు. లేదా టిక్కీలు (మిర్చి బస్తాలు), అట్టలు, చెక్కలు అన్నీ తూచి, తలుపు మీద రాసున్న టేర్, అంటే ఖాళీ కంటైనర్ బరువు కలపొచ్చు. చాలామంది ఇన్వాయిస్‌లోని నికర బరువుకి టేర్ కలిపి రాసేస్తారు. గోనెల బరువు గాల్లో కలిసిపోతుంది. ఏ పెట్టె కింద, ఏది పైన అన్నది ఆ అంకెను బట్టే నిర్ణయిస్తారు. పెట్టెల్ని డెక్కుకి బిగించి కట్టే లాషింగ్ రాడ్లు కింది వరసలకే అందుతాయి, ఆ పైవన్నీ ఒక పెట్టెని ఇంకోదానికి బిగించే, మూలల్లోని ట్విస్ట్‌లాకుల మీదే నిలబడాలి. తక్కువ రాసిన బరువైన పెట్టె పైకెక్కిందంటే, ఓడ ఊగినప్పుడు వరసంతా కూలొచ్చు. అంత పెద్ద ఓడలోనూ ఉండేది ఇరవై, పాతిక మందే. ఆ రాడ్లని బిగించే టర్న్‌బకిళ్లు వదులైతే వాటిని మళ్లీ తిప్పి బిగించడానికి డెక్ మీదకి వెళ్లాల్సిందీ వాళ్లే.

నా దృష్టిలో ఇంతకన్నా ప్రమాదకరమైంది గ్యాస్. పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు పెడితే ఫాస్ఫీన్ వస్తుంది, అది ప్రాణం తీస్తుంది. గ్యాస్ లోపల ఉండగానే పంపుతుంటే తలుపు మీద పుర్రె గుర్తున్న హెచ్చరిక బోర్డు, గ్యాస్ పేరు, పెట్టిన తేదీ, సమయం ఉండాలి. ప్రమాదకర సరుకుగా కాగితాల్లోనూ చూపించాలి. బోర్డు అతికిస్తే పోర్టులో ఆలస్యమవుతుందని పీకేసేవాళ్లున్నారు. తలుపు రబ్బరు చిరిగితే గ్యాస్ బయటికొస్తుంది. పక్కనుంచి నడిచే నావికుడికి ఆ సంగతెలా తెలుస్తుంది? గాలాడనిచ్చి పంపితే ఆ తేదీ కూడా రాయండి, వాడిన మాత్రల బూడిద తీసేయండి.

ఇక చెమ్మ. సరిగా ఆరని కాయ పెడితే పగటి వేడికి ఆవిరి లేచి, రాత్రి చల్లబడ్డ కప్పు కింద నీటి చుక్కలై టిక్కీల మీద పడుతుంది. సీలు వేసిన పెట్టెని సముద్రంలో ఎవరూ తెరిచి ఆరబెట్టరు. కాబట్టి బూజుకి ఓడవాళ్లని తిట్టకండి. లోడింగ్‌కి ముందే ఖాళీ పెట్టెలో ఒక మనిషిని ఉంచి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనబడితే చిల్లున్నట్టే, పెట్టె మార్పించుకోండి.