దైజోబు అనకురా

ఒరేయ్ బాబూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. జర్మనీ సెకండ్ డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్‌తో నువ్వు సంతకం పెట్టావని చెబుతూ సగంలోనే ఏడ్చేసింది. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. జపాన్‌లో, అందునా మన షిజువోకాలో నడక రాగానే పిల్లలు బంతి తంతారు, నిజమే. కానీ ఒకే ఇంట్లోంచి రెండోవాడు యూరప్ వెళ్తున్నాడంటే మాటలా? మొదటివాణ్ణి నేను. నా సంగతి నీకు సగమే తెలుసు.

మామూలు జాగ్రత్తలు నీ ఏజెంట్ చెప్తాడు. ఒప్పందం చదువు, డబ్బు దాచుకో. బియ్యం మోసుకెళ్లకు, డుసెల్‌డార్ఫ్‌లో మనవాళ్ల దుకాణాల్లో అన్నీ దొరుకుతాయి. సెకండ్ డివిజన్ అని చిన్నబుచ్చుకోకు. మన జపాన్ ఆటగాడు మితోమాని 2021లో తీసుకున్న ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్, మొదటి ఏడాది బెల్జియంకి లోన్ మీద పంపింది. ఆ ఏడాది ఇవాళ ఎంతమందికి గుర్తుంది?

ఇక నా సంగతి. నేను జర్మనీ వెళ్లింది జనవరిలో. మన లీగ్ డిసెంబర్‌లో ముగిసేది, వాళ్లకి అది సీజన్ మధ్య. ఏడాదంతా ఆడిన కాళ్లతో, రెస్ట్ లేకుండా మంచులోకి దిగాను. (2026 ఆగస్టు నుంచి మన జె లీగ్ కూడా వాళ్ల క్యాలెండర్‌కి మారుతోంది, మీకు ఆ బాధ తప్పుతుంది.) ఏడు వారాలు బెంచీ మీదే. తర్వాత ఎడమ వైపు డిఫెన్స్ ఆడే లెఫ్ట్ బ్యాక్‌కి మోకాలు దెబ్బతింటే ఆ చోటు నాకొచ్చింది. మూడు మ్యాచ్‌లు బాగానే ఆడాను. నాలుగోదానికి ముందు, గురువారం ప్రాక్టీస్‌లో ఎడమ తొడ వెనక ఏదో పట్టేసింది. ఫిజియో వచ్చి అడిగాడు, పక్కన దుబాసీ ఉన్నాడు. నేను "దైజోబు" అన్నాను. పర్లేదు అని. పాపం, ఆయన దాన్ని అలాగే జర్మన్‌లో చెప్పేశాడు.

ఎందుకలా అన్నానో తెలుసా? ఒకడి మోకాలు పోతేనే కదా నాకు చోటొచ్చింది. నా తొడ పోతే ఇంకొకడికి వస్తుంది. ఆ రెండు రాత్రులూ రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ కుడికాలితోనే ఎక్కుతూ మూడో అంతస్తుకి చేరాను. పక్కింటివాళ్లు చూస్తారని లైటు కూడా వేయలేదు. శనివారం ఇరవయ్యో నిమిషంలో బంతి కోసం పరిగెత్తాను. వెనక నుంచి ఎవరో తొడ మీద తన్నారనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

నాలుగు నెలలు పట్టింది. కోచ్‌కి కోపం దెబ్బ గురించి కాదు. "నీ మాట ఇక ఎలా నమ్మను?" అన్నాడు. అది కూడా దుబాసీయే చెప్పాడు, నా మొహం చూడకుండా. సీజన్ అయ్యాక పంపేశారు.

మన నకాటా ఇటలీ వెళ్లి, 1998లో అక్కడి పెద్ద క్లబ్ జువెంటస్ మీద తొలి మ్యాచ్‌లోనే కొట్టిన రెండు గోల్స్ గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం అతను మాట్లాడే ఇటాలియన్ భాష చూస్తేనే అసూయ. మన ఫుజియెదా కుర్రాడు హసెబె కూడా నాలాగే జనవరిలో జర్మనీ వెళ్లాడు, 2008లో. 40 ఏళ్లొచ్చేదాకా, 2024 వరకు అక్కడే ఆడాడు. దెబ్బలు దాచుకుంటే అన్నేళ్లు కుదురుతుందా, మొద్దూ!

విమానం ఎక్కేలోపు ఒక్క మాట నేర్చుకో. "ఎస్ టూట్ వే." నొప్పిగా ఉంది అని. అద్దం ముందు నిలబడి పైకి అను. సిగ్గేస్తుంది, తెలుసు. చిన్నప్పుడు కాల్లో మేకు దిగినా ఏడవలేదు నువ్వు. అది చూసి మురిసిపోయి ఊరంతా చెప్పిన వెధవని నేనే.

ఈ వేసవి కాలంలో జర్మనీలో మధ్యాహ్నం ఒంటిగంటకి మ్యాచ్ అంటే మనకి రాత్రి ఎనిమిది. అక్క ఏడింటికే టీవీ ముందు కూర్చుంటానంటోంది. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తనకి ఇప్పటికీ తెలీదు. నువ్వు కుంటితే మాత్రం నాకంటే ముందు తనే పట్టేస్తుంది.

మామయ్య