తాతగారి ఉలులు, అబ్బాయి సీటు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అబ్బాయికి కంప్యూటర్ సైన్సులో సీటు వచ్చేలా ఉంది, కానీ పాత చేతి పనిముట్లతో వడ్రంగం నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మా నాన్నగారు ఆ పని చేస్తూనే, ‘ఈ చెక్కపని నీకొద్దు’ అని నన్ను చదివించారు. ఆయన పనిముట్లు ఇంకా అటక మీదే ఉన్నాయి. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చమన్నారు గాని, మీ నాన్నగారు ఎక్కించిన మెట్టును అబ్బాయి దిగిపోతున్నాడన్నదే మీ అసలు భయం. ఈ భయంతో నా దగ్గరకు చాలామంది తల్లిదండ్రులు వచ్చారు. మీ నాన్నగారు మీకు వద్దనుకున్నది గిట్టుబాటు కాని కూలి బతుకునే గాని ఉలిని కాదు. ఆయన మాటను అడ్డం పెట్టుకుని, మిమ్మల్ని చదివించిన పనినే పిల్లవాడి ముందు చులకన చేయడం తప్పు; ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు.

నా అనుమానమంతా ఇప్పుడు ఈ నగరంలో మోజుగా మారిన వారాంతపు వర్క్‌షాపుల మీద. ముందే కోసిన కలప, ముందే నూరిన ఉలులు చేతికిచ్చి, రెండు రోజుల్లో ఒక గరిటె చేయించి పంపించే చోట అసలు విద్య అందదు. ఉలి వెనక భాగాన్ని చదును చేసి, అంచును 25 నుంచి 30 డిగ్రీల వాలులో సానరాయి మీద నిలకడగా నూరుతూ, అవతలి వైపు సన్నని గరుకు వేలికి తగిలాక దాన్ని తీసేయడం రావాలి. నారకు ఎదురుగా చిత్రిక పడితే చెక్క పెచ్చులుగా లేస్తుంది. ఏ వైపు నుంచి పట్టాలో కంటికి తెలియడానికి నెలలు పడుతుంది.

సీటు వదులుకోమని నేను చెప్పను. చేతి పనిముట్లను మాత్రమే నమ్ముకుని ఇల్లు గడపడం కష్టం. యంత్రాల పనీ, గిరాకీ లెక్కా అతనికి రావాలి. కాలేజీ తెరిచేలోగా అటక మీది పనిముట్లు దించి అతనికి అప్పగించండి. ఒక ఆదివారం, బెంగళూరుకు సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని, కొయ్యబొమ్మలకు పేరుపడ్డ చన్నపట్నకు తీసుకువెళ్ళండి. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే అక్కడా లేత్ మీద తిరుగుతుంది. తిరిగే కర్రకు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ దుమ్ములో రోజంతా కూర్చున్నాక కూడా అతని కోరిక నిలిస్తే, తిరుపతిలో 1960లో మొదలైన దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది. పదో తరగతి అర్హతతో అక్కడ కొయ్య శిల్పంలో డిప్లొమా చేయవచ్చు. ఉత్సాహం చల్లారినా దిగులు పడకండి. కాలేజీ తెరిచేలోగా చేతికి అబ్బిన ఓపిక ఇంజినీరింగులోనూ పనికొస్తుంది.

మొదటి ఉలి తుప్పు వదిలించే రోజున మీరూ పక్కన కూర్చోండి. పిడి మీద మీ నాన్నగారి బొటనవేలు ఎక్కడ ఆనేదో అతనికి చూపించగలిగినది మీరొక్కరే.