డౌన్ పేమెంట్ కోసం నాన్నగారి ప్లాటు అమ్మించకు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ వచ్చి రెండేళ్లయింది, ఇల్లు కొనాలి, ముందుగా కట్టాల్సిన డౌన్ పేమెంట్‌కు ఇంటి ధరలో 20 శాతం చేతిలో లేదు, ఘట్‌కేసర్ దగ్గర నాన్నగారి ప్లాటు అమ్మేయమని అడగనా అంటున్నావు. అడగకు. నేను అడిగినవాణ్ణే.

2014లో మాకు నా ఒక్క జీతమే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా) మీద వచ్చినవాళ్లకు అప్పటికింకా పని చేసే అనుమతి లేదు. 20 శాతం లేకపోతే లోనే రాదని ఆఫీసులో ఎవరో అంటే నమ్మేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్న రిటైరైన డబ్బు ఎఫ్‌డీలో వేసుకున్నారు. ఫోన్ చేసి అడిగాను. మారుమాట లేకుండా గడువుకు ముందే తీసి 15 లక్షలు పంపించారు. ఇంకా తక్కువ పడితే ఒక ఫ్రెండు దగ్గర చేబదులు తీసుకుని ఖాతాలో వేసుకున్నాను. అది రెండో తప్పు. లోన్ ఇచ్చేవాళ్లు రెండు నెలల స్టేట్‌మెంట్లు ముందేసుకుని, పెద్ద మొత్తం కనిపించిన ప్రతిచోటా ఇదెక్కడిదని అడిగారు. నాన్న పంపింది తిరిగి ఇవ్వక్కర్లేదని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్ కావాలన్నారు. ఫ్రెండు డబ్బు అప్పు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. క్లోజింగ్, అంటే ఇల్లు మన పేరు మీదికి వచ్చే రోజు, మూడు వారాలు వెనక్కి పోయింది. ముందే ఖాయం చేసుకున్న వడ్డీ రేటు (రేటు లాక్) గడువు పొడిగించడానికి ఫీజు వేరే. అయినా ఇల్లు కొన్నాను, ఇప్పటిదాకా ఒక్క కిస్తీ తప్పలేదు.

రెండేళ్లకు అమ్మకు మోకాళ్ల ఆపరేషన్. నాన్న నాకు చెప్పకుండా చిట్టీ పాడి డబ్బు కట్టారు. ఏడాది తర్వాత చెల్లి చెబితే తెలిసింది. ఇప్పుడు సెలవు మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మానాన్నల ఇంట్లోనే కూర్చుని నీకిది రాస్తున్నాను. అమ్మ మెట్లు దిగుతుంటే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

మీ వయసువాళ్లకు తొందరెక్కువ, అడగాల్సినవాళ్లను అడగరు. అప్పుడు నేనూ అడగలేదు. టెక్సాస్‌లో డౌన్ పేమెంట్ సాయం కోసం టీఎస్ఏహెచ్‌సీ, టీడీహెచ్‌సీఏ అనే రాష్ట్ర గృహ సంస్థలు ఉన్నాయి. ఆదాయ పరిమితి ఉంటుంది, ఇద్దరి సాఫ్ట్‌వేర్ జీతాలైతే దాటిపోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు వర్తిస్తుందా, ఇచ్చేది గ్రాంటా లేక ఇల్లు అమ్మినప్పుడు తీర్చాల్సిన రెండో లోనా అన్నవి ముందే అడుగు. హడ్ (అమెరికా ప్రభుత్వ గృహ శాఖ) గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్లు ఇవన్నీ చెబుతారు. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ బీమా ఉన్న గృహ రుణం) దాదాపు మూసేశారు. కానీ హెచ్-1బీ మీద కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ బీమా లేని మామూలు రుణం) దొరుకుతుంది, మొదటి ఇల్లయితే 3 శాతం కట్టి కూడా తీసుకోవచ్చు. 20 శాతం కట్టలేదని నెలనెలా పీఎంఐ, అంటే లోన్ ఇచ్చినవాళ్ల రక్షణకు మనం కట్టే బీమా, పడుతుంది. బాకీ ఇంటి ధరలో 80 శాతానికి దిగాక తీసేయమని అడగొచ్చు. ఆ పీఎంఐ నీ జీతంలోంచి పోతుంది, అమ్మానాన్నల మందుల డబ్బులోంచి కాదు.

నువ్వు అడగకపోయినా, ఇల్లు కొనాలనుకుంటున్నావని తెలిస్తే నాన్నగారు ఈపాటికే బేరం పెట్టి ఉంటారు. ఈ రాత్రే ఫోన్ చేసి, ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దని చెప్పు.