లా కాలేజీలో సంఘం: పుట్టించడం ఒక ఎత్తు, నిలపడం ఇంకో ఎత్తు

లా విద్యార్థుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కాలేజీలో అభ్యుదయ భావాలున్న న్యాయ విద్యార్థుల సంఘం పెట్టడం ఎలా, పెట్టాక నడపడం ఎలా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: మేం పదకొండు మందిమి. కుల వివక్ష, స్త్రీల హక్కులు, కార్మిక చట్టాల మీద చదువుతూ పనిచేసే సంఘం పెట్టాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ప్రిన్సిపాల్ అనుమతి కావాలా?
– మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ రెంటినీ విడివిడిగా చూడండి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణంలోనే ఉంది, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ అనుమతి కావలసింది కాలేజీ పేరు, గది, నోటీసు బోర్డు వాడుకోవడానికి. అందుకని సంఘం పేరులో కాలేజీ పేరు పెట్టకండి. పెట్టారంటే మీరిచ్చే ప్రతి కరపత్రానికీ ఆఫీసు రూము సంజాయిషీ అడుగుతుంది. ఊరి పేరు చాలు.

రిజిస్ట్రేషన్ విషయంలో మా సలహా: మొదటి ఆరు నెలలు తొందరపడకండి. సంఘం పేర డబ్బు జమ కావడం, గది అద్దెకు తీసుకోవడం, విరాళాలు సేకరించడం మొదలయ్యాకే దాని అవసరం వస్తుంది. ముందే చేయించుకున్నవాళ్లు ఎక్కడో దొరికిన నిబంధనావళిని యథాతథంగా దించేస్తారు. అది తమకు సరిపడదని తెలిసేసరికి ప్రతి మార్పుకూ ప్రత్యేక తీర్మానం చేసి రిజిస్ట్రారుకు దాఖలు చేయాల్సి వస్తుంది. ఆరు నెలలు కాగితం మీద నడిపి చూస్తే మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది.

చేయించుకునే రోజు వచ్చాక రెండు రాష్ట్రాల్లోనూ ఆధారం 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టమే. కనీసం ఏడుగురు సంతకం చేయాలి. ఐదేళ్ల కోర్సు మొదటి ఏడాదిలో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. సంతకం చేసే ఏడుగురూ 18 నిండినవాళ్లయితే చిక్కు ఉండదు. మెమొరాండంలో, అంటే సంఘం స్థాపన పత్రంలో, సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, తొలి కమిటీ వివరాలు ఉండాలి. దానితోపాటు నిబంధనావళి, ఆఫీసు చిరునామాకు రుజువు జతచేయాలి. హాస్టలు గదిని చిరునామాగా ఇవ్వకండి, మీరు ఖాళీ చేశాక వచ్చే నోటీసులు ఎవరికీ అందవు. ఊళ్లో స్థిరంగా ఉండే అడ్వకేటు ఆఫీసు చిరునామా అడిగి, ఆయన సమ్మతి పత్రం తీసుకోండి. ‘రాజకీయ’ అన్న మాట కనబడితే తిప్పి పంపుతారేమోనని భయపడనక్కర్లేదు. చట్టం 3వ సెక్షన్ గుర్తించిన ఆశయాల్లో రాజకీయ విజ్ఞానం పెంపొందించడం కూడా ఉంది.

ప్రశ్న: మా సీనియర్లు పెట్టిన సంఘం రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. వాళ్లు వెళ్లిపోయాక మాకు మిగిలింది ఒక బ్యానరు, ఒక వాట్సాప్ గ్రూపు. మళ్లీ మొదలుపెడుతున్నాం. ఇలా కాకుండా ఉండాలంటే?
– నాలుగో సంవత్సరం విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: విద్యార్థి సంఘాలు సిద్ధాంత విభేదాలతో విడిపోవడం తక్కువ. ఎక్కువగా ఏప్రిల్‌లో పరీక్షలు మొదలై, జూన్‌లో పాతవాళ్లు ఊరు విడిచి, ఆగస్టులో కొత్తవాళ్లు వచ్చేసరికి మధ్యలో ఎవరూ లేక పోతాయి. కాబట్టి కమిటీ ఎన్నిక విద్యా సంవత్సరం చివర పెట్టకండి. అక్టోబరులో ఎన్నిక, జనవరి 1న బాధ్యతల అప్పగింత పెట్టుకోండి. అప్పుడు దిగిపోయినవాళ్లు ఇంకో నాలుగైదు నెలలు కళ్లముందే ఉంటారు, ఏది అడిగినా చెబుతారు.

కమిటీకి ఏడుగురు చాలు. పదిహేను మందిని వేస్తే కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) దొరకదు. ఆ ఏడుగురిలో ఇద్దరు మొదటి ఏడాది వాళ్లుండాలి. చివరి ఏడాది వాళ్లకు కోశాధికారి పదవి ఇవ్వకూడదు. ఈ రెండు మాటలూ నిబంధనావళిలోనే రాయండి, అప్పటికప్పుడు సర్దుకుందామంటే కుదరదు. సర్వసభ్య సమావేశానికి కోరం మూడింట రెండు వంతులని గొప్పగా రాసుకుంటారు. ఇంటర్న్‌షిప్పుల నెలల్లో ఆ లెక్క ఎన్నడూ తేలదు, ఏ తీర్మానమూ చెల్లదు. మూడింట ఒక వంతు పెట్టి, నోటీసు మాత్రం ఏడు రోజుల ముందు తప్పనిసరి చేయండి.

ఇక మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగింది రాసుకునే పుస్తకం. గట్టి అట్ట రిజిస్టరు ఒకటి కొని, మొదటి రోజే పేజీ నంబర్లు వేయండి. “చర్చ జరిగింది, అందరూ అంగీకరించారు” అని రాస్తే ఏడాది తరువాత దానికి విలువ లేదు. ఇలా రాయాలి: “తీర్మానం 3. పారిశుద్ధ్య కార్మికుల కనీస వేతనాల సర్వేకు ప్రయాణ ఖర్చుల కింద 1,800 రూపాయలకు మించకుండా ఖర్చు చేయడానికి కోశాధికారికి అధికారం ఇవ్వడమైనది. లెక్కలు ఈ నెల 30లోగా. అనుకూలం 14, వ్యతిరేకం 3, తటస్థం 2.” కింద ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, అధ్యక్షత వహించినవారి సంతకాలు. వ్యతిరేకించిన ముగ్గురూ కోరితే వాళ్ల కారణం ఒక్క వాక్యంలో చేర్చండి. ఓడిన పక్షం మాట పుస్తకంలోకి ఎక్కితే, ఆ పక్షం సంఘంలో నిలబడుతుంది.

డబ్బు దగ్గర ఒక్కటే పొరపాటు పదేపదే జరుగుతుంది. చందాలన్నీ కోశాధికారి సొంత ఫోన్‌పేకు వస్తాయి. ఇంటి ఖర్చు, సంఘం ఖర్చు కలగలుస్తాయి. అతను నిజాయితీపరుడే అయినా లెక్క చూపలేడు, మాట పడతాడు. సంఘం పేర ఖాతా వచ్చేదాకా కనీసం ఆ పనికే కేటాయించిన విడి బ్యాంకు ఖాతాను వాడి, నెలనెలా స్టేట్‌మెంట్‌ను గ్రూపులో పెట్టాలి. సంఘం పేర ఖాతా తెరిచాక ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండాలి. చేతిలో నగదు 500 రూపాయలు దాటకూడదు.

ప్రశ్న: మేం ఆదివారాలు బస్తీలో ఉచిత న్యాయ సలహా కేంద్రం నడపాలనుకుంటున్నాం. నోటీసులు రాసివ్వొచ్చా?
– ఎల్‌ఎల్‌బీ విద్యార్థులు, విజయవాడ

జవాబు: సొంతంగా రాసివ్వకూడదు. అడ్వకేట్స్ చట్టం 1961, 29వ సెక్షన్ ప్రకారం ప్రాక్టీసు హక్కు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లదే. అర్హత లేకుండా కోర్టులో గానీ అధికారుల ముందు గానీ ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ప్రాక్టీసు అంటే కోర్టులో వాదించడమే కాదని, సలహా ఇవ్వడం, ముసాయిదాలు రాయడం కూడా అందులో భాగమేనని 2018లో ఎ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకని మీ బల్ల దగ్గర ఒక అడ్వకేటు కూర్చోవాలి. బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయ విద్యా నియమాలు ప్రతి లా కాలేజీలో సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలంటున్నాయి. మీ కేంద్రాన్ని దానికి అనుబంధంగా అడగండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ ఉత్తరం పెట్టండి. అడ్వకేటు ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. కక్షిదారు అడ్వకేటుకు చెప్పుకున్న మాటకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మీకు మీరుగా కూర్చుంటే మీకు చెప్పుకున్న మాటకు ఆ రక్షణ లేదు.

మీరు చేయగలిగింది చాలానే ఉంది. వచ్చినవాళ్ల చేతిలోని కాగితాన్ని చదివి, అది సమనా, లీగల్ నోటీసా, పోలీసు నోటీసా అన్నది తేల్చి, గడువు తేదీ ఎర్ర సిరాతో రాసి, సరైన చోటికి పంపడమే సగం పని. సివిల్ దావా సమను అందితే లిఖితపూర్వక జవాబుకు మామూలు గడువు 30 రోజులు. “వచ్చే ఆదివారం చూద్దాం” అని రెండు వారాలు గడిపితే నష్టపోయేది ఆ మనిషే. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత సహాయం అందుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అసలు పత్రాలు ఒక్క రాత్రికి కూడా మీ దగ్గర ఉంచుకోకండి, జిరాక్సు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: మా బంధువులు అమెరికా నుంచి సంఘానికి 50,000 పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?
– సంఘం కోశాధికారి, హైదరాబాద్

జవాబు: వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. కొత్త సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ దొరకదు, మూడేళ్ల పని చూపాలి. మీ పేర తెప్పించి సంఘానికి ఇచ్చే దారి అసలు తొక్కకండి.

ప్రశ్న: మా సమావేశాల్లో ఇంగ్లిష్ బాగా వచ్చిన నలుగురే మాట్లాడతారు. ప్రకటనలు కూడా వాళ్లే రాస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం కుర్చీలు సర్దడానికే మిగిలాం.
– రెండో సంవత్సరం విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఈ ఉత్తరం మమ్మల్ని కలవరపెట్టింది. సమానత్వం కోసం పెట్టిన సంఘంలో ఇది చిన్న లోపం కాదు. దీన్ని మంచితనానికి వదిలేయకుండా నియమంగా రాయండి. మినిట్స్ తెలుగులో. చర్చాపత్రం మూడు రోజుల ముందు తెలుగులో, రెండు పేజీలకు మించకుండా. ఒక విషయం మీద అంతకుముందు మాట్లాడనివాళ్లకే ముందు అవకాశం. అధ్యక్షత ప్రతి సమావేశానికీ మారాలి, హాలు సర్దే పని కూడా అదే జాబితా ప్రకారం మారాలి. కమిటీలో సగం మంది స్త్రీలు. చందా ఏడాదికి 50 రూపాయలు, కట్టలేనివాళ్లు కారణం చెప్పనక్కర్లేదు.

ప్రకటనలు ముందు తెలుగులోనే రాయండి. 1974లో పుట్టిన పౌరహక్కుల సంఘం, 1998లో వచ్చిన మానవ హక్కుల వేదిక ఊరూరా తిరిగి, చూసింది తెలుగులో నివేదికలుగా రాశాయి. నిజనిర్ధారణ అన్న మాట మన దగ్గర అందరి నోటా నలగడం వెనక ఆ పని ఉంది. చట్టం చదువుకున్నవాళ్లుగా మీరు అదనంగా రెండు జాగ్రత్తలు పాటించాలి. అత్యాచార బాధితురాలి పేరు, ఊరు, గుర్తుపట్టగల ఏ వివరమూ రాయకూడదు, అది బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ కింద నేరం. విచారణలో ఉన్న కేసులో తీర్పు ఇలా రావాలంటూ రాయకండి. తుదితీర్పు వచ్చాక దాని గుణదోషాల మీద న్యాయమైన విమర్శను కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ నేరంగా చూడదు, అప్పుడు నిస్సంకోచంగా రాయండి.

ప్రకటన విడుదలకు కమిటీలో ఐదుగురి సమ్మతి ఉండాలని, ఆ ఐదుగురిలో ముసాయిదా రాసినవాళ్లను లెక్కించకూడదని పెట్టుకోండి. వచ్చే ప్రకటన ముసాయిదా మీరే రాయండి.