ఇల్లు కొనేముందు ఏ డౌట్ ఎవర్ని అడగాలి? మా అనుభవం చెప్తున్నా

మీ ప్రశ్న మొత్తం చదివానండి. అద్దెకుంటున్నారు, ఒక పాత ఫ్లాట్ నచ్చింది, బ్రోకరేమో రేపే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేయండి లేకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారంటున్నాడు, బ్యాంకు వాళ్లు మీరడిగిందానికంటే ఎక్కువే లోన్ ఇస్తామంటున్నారు, ఇంట్లో ఒకమాట ఆఫీసులో ఒకమాట, ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు అన్నారు. మేం కూడా కొన్నేళ్ల క్రితం ఇలాంటి సెకండ్ హ్యాండ్ ఫ్లాటే కొన్నాం కాబట్టి రాస్తున్నా. డౌట్లు అందరికీ దాదాపు అవే వస్తాయండి, కాకపోతే వాటిని తీసుకెళ్లి ఆ అమ్మకం జరిగితే డబ్బులొచ్చే వాళ్లనే అడుగుతాం. ఓనరు, బ్రోకరు, లోన్ ఏజెంటు చెప్పేదంతా అబద్ధం అనను, కానీ మనం అడగనిది వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ముందు లోన్ సంగతి చూద్దాం, మీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. బ్యాంకు వాళ్లు చూసేది జీతం, పాత అప్పులు, ఇంటి విలువ. మీ పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు వాళ్ల లెక్కలోకి రావు, కాబట్టి ఎంత ఇస్తామన్నారు అనేది పక్కన పెట్టేసి నెలకి ఎంత కట్టగలం అనేది మీరిద్దరే కూర్చుని తేల్చుకోండి. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అనుకుందాం. అప్పు 100 అయితే మొత్తం తిరిగి కట్టేది దాదాపు 216. అసలు షాక్ అది కాదు, మొదటి 5 ఏళ్లలో 54 కట్టేసి ఉంటారు, అయినా తీసుకున్న అప్పులో ఇంకా 89 దాకా అలాగే ఉంటుంది, ఎందుకంటే మొదట్లో కట్టే ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అందుకే రెండు మూడేళ్లలో ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లే ఛాన్స్ ఉంటే నేనైతే అద్దెకే ఉండమంటాను, కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు, అమ్మేటప్పుడు కమిషను, మధ్యలో ఈ వడ్డీ, అన్నీ కలిపితే ఇంటి రేటు బాగా పెరిగితే తప్ప గిట్టదు. అద్దె కట్టడం అంటే డబ్బులు గాల్లో కలిపేయడమే అనేవాళ్లకి ఈ వడ్డీ కూడా తిరిగి రాదని ఎందుకు తట్టదో నాకర్థం కాదు.

వడ్డీ తగ్గేదాకా ఆగాలా అన్నారు కదా, అది ఎవరూ చెప్పలేరు. ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే వడ్డీ అయితే మాత్రం పెరిగినా తట్టుకోగలమా అని చూసుకోండి. ఇందాకటి లోన్ కే మొదట్లోనే వడ్డీ 9 నుంచి 10 అయ్యి, ఈఎంఐ మాత్రం పెంచకుండా వదిలేస్తే 20 ఏళ్లలో తీరాల్సింది 26 ఏళ్లు దాటుతుంది. నెలనెలా కట్టేది మారదు కాబట్టి మనం పెద్దగా పట్టించుకోం. రేటు మారినప్పుడల్లా ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో అడిగి తెలుసుకోండి. ఇంకోటి, మేం ఇల్లు వెతుకుతున్నప్పుడే రాబోయే ఈఎంఐలోంచి అద్దె తీసేసి మిగతాది ప్రతినెలా వేరే అకౌంట్లో వేసేవాళ్లం, దాంతో ఆ భారం ఎలా ఉంటుందో ముందే తెలిసిపోయింది, ఆ డబ్బే తర్వాత రిపేర్లకి పనికొచ్చింది. చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్ కి ఊడ్చేయకండి, కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన ఉండాలి.

ఇక ఇల్లు. ఇక్కడ నేను చెప్పేది ఒకటే, కింద ఫ్లాట్ వాళ్ల తలుపు కొట్టండి. మా ఓనరు లీకేజీ అనే మాటే లేదండి అన్నాడు, నిజమే, ఆయన ఫ్లాట్లో లేదు. కింద ఆంటీ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి వాళ్ల బాత్రూం సీలింగ్ చూపించింది, పెచ్చులు ఊడి లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుందట, పైపైన సిమెంట్ పూసి పెయింట్ వేస్తే ఆగేది కాదు. మేం కొనడం మానలేదు, సొంతంగా ఒక ఇంజినీర్ని తీసుకెళ్లి చూపించి, బాగుచేయడానికి ఎంతవుతుందో రాయించుకుని ఆ మేరకు రేటు తగ్గించమన్నాం, ఓనరు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఇంజినీర్ ఫీజు దండగ అనుకునేవాళ్లుంటారు, ఇంత పెద్ద ఖర్చులో అదెంత చెప్పండి.

మీరు చూసిన ఫ్లాట్లో ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉందన్నారు, అది కొంచెం అనుమానించాల్సిందే. గోడ అడుగున తెల్లగా ఉప్పులా పొడి తేలుతోందా, తలుపు కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోతున్నాయా, తలుపులు పట్టేస్తున్నాయా చూడండి. సన్న గీతల్లాంటివి ప్లాస్టరింగ్ లో మామూలే, కంగారక్కర్లేదు. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ఫ్లష్ కూడా చేస్తే ధార ఎంత సన్నబడుతుందో తెలుస్తుంది. వీలైతే వాన పడ్డాక ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లండి, పగలు ప్రశాంతంగా ఉన్న వీధి రాత్రికి వేరేలా ఉండొచ్చు. అసోసియేషన్ సెక్రటరీని పాత బకాయిల గురించి, త్వరలో లిఫ్ట్ మార్చడం లాంటి పెద్ద ఖర్చేదైనా వస్తోందా అని కూడా అడగండి, కొన్న నెలకే ఆ బిల్లు మీ చేతికొస్తే బాధగా ఉంటుంది.

పేపర్ల విషయంలో బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోకండి, ఆయన చూసేది బ్యాంకు అప్పు సేఫా కాదా అనే. మీ లాయర్ని మీరే పెట్టుకోండి, బ్రోకర్ తెచ్చిన లాయర్ వద్దు. మా దాంట్లో ఓనరు పాత లోన్ ఎప్పుడో తీర్చేశాడు గానీ తాకట్టు విడుదలైనట్టు రికార్డుల్లో ఎక్కించుకోలేదు, పాపం ఆయనకే ఆ సంగతి తెలీదు, మా లాయరమ్మ పట్టుకుంది. అది సరిచేయించేదాకా మేం డబ్బు కట్టలేదు, కాస్త ఆలస్యమైంది అంతే. ఓనర్లు ఎంతమంది, అందరూ సంతకం పెడతారా, ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరి దగ్గరున్నాయి, అప్రూవల్ వచ్చిన ప్లాన్ కీ కట్టిందానికీ తేడా ఉందా, ఇవన్నీ మీరు పెట్టుకున్న లాయరే చూసిపెడతారు. జిరాక్సులు చూసి తృప్తిపడకండి.

రేపటి టోకెన్ గురించైతే, ఇవ్వాల్సివస్తే చిన్న మొత్తమే, క్యాష్ కాకుండా బ్యాంకు ద్వారా, రసీదుతో ఇవ్వండి. లోన్ రాకపోయినా, పేపర్లలో లోపం బయటపడినా డబ్బు మొత్తం వెనక్కిస్తామని అందులోనే రాయించండి. బ్రోకరు అదంతా ఎందుకండీ నేనున్నా కదా అంటాడు, మాతోనూ అలాగే అన్నాడు, రాసిస్తేనే ఇస్తామని కూర్చుంటే సాయంత్రానికి ఓనరే సంతకం పెట్టిచ్చాడు. మీ ఓనరు ససేమిరా అంటే ఆ ఫ్లాట్ వేరేవాళ్లు పట్టుకుపోయినా పర్లేదు, వదిలేయండి.